వెయ్యి గింజలు బరువెక్కితే బస్తాలు ఎందుకు పెరగలేదు?

గట్టు మీద రైతు:
మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఈ ఖరీఫ్‌లో రెండెకరాలు సాంబ మషూరి, రెండెకరాలు స్వర్ణ వేశాను. నూర్పిళ్లయ్యాక సరదా పుట్టి, రెండింటి గింజలూ వెయ్యేసి లెక్కపెట్టి, మా బావమరిది నగల కొట్లో తూచాను. లెక్కకే ఒక మధ్యాహ్నం పట్టింది. మా ఆవిడ రెండుసార్లు వచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది.

సాంబ 14.6 గ్రాములు, స్వర్ణ 19.7. అంటే స్వర్ణ గింజ సాంబ కంటే మూడో వంతుకు పైగా ఎక్కువ బరువు. ఆ లెక్కన సాంబ ఎకరాకు 32 బస్తాలు పండితే స్వర్ణ 43 పండాలి కదా? పండింది 34. ఆ తొమ్మిది బస్తాలు ఎక్కడికి పోయాయి? ఇంకొకటి: గింజ బరువు పెంచే జన్యువును కనిపెట్టారట. దాన్ని సాంబలోకి ఎక్కిస్తే నా పని అయిపోదా?

పాత కత్తెర:
రెండు రకాల గింజలూ సమానంగా ఎండినవేనా? తేమలో తేడా ఉంటే నగల తూకం కూడా అబద్ధమే చెబుతుంది. ఎండినవే అనుకుని రాస్తున్నాను.

నేను ఇరవై ఆరేళ్లు వరి సంకరాలు చేసే మళ్లలో పనిచేశాను. సాయంత్రం పూట కత్తెరతో ఒక్కొక్క పువ్వు పైకొస నరికి, కేసరాలు లాగేసి, కంకికి కాగితపు సంచి తొడగడం, మర్నాడు పొద్దెక్కాక తండ్రి కంకి తెచ్చి పుప్పొడి దులపడం, ఇదే పని. అలా కట్టిన గింజను చూస్తే నవ్వొస్తుంది. ఊక నరికిన చోట నుంచి బియ్యం బోడిగా బయటికి తొంగి చూస్తుంటుంది.

గింజ బరువు గుట్టు ఆ ఊకలోనే ఉంది. పూత రాకముందే, పొట్టలో ఉండగానే ఊక తయారైపోతుంది. గాదె ముందు కట్టి ధాన్యం తర్వాత పోసినట్టు. గాదె ఎంతో గింజ అంతే. మీరు ఎరువు రెండింతలు వేసినా వెయ్యి గింజల బరువు పెద్దగా కదలనిది అందుకే. పైగా ఊక తల్లి మొక్కది. సన్నగింజ తల్లికి లావుగింజ తండ్రి పుప్పొడి వేసినా ఆ ఏడు గింజ సన్నగానే వస్తుంది. ఆ గింజను నాటి, దాని మొక్క కాస్తే గానీ తండ్రి వాటా బయటపడదు. కొత్తగా చేరిన కుర్రాళ్లు క్రాసు తప్పిపోయిందని గాబరా పడేవారు.

ఇక జన్యువు. అది ఒకటి కాదు. చైనాలో 2006లో మూడో క్రోమోజోము మీద జీఎస్3ని, 2007లో రెండో క్రోమోజోము మీద జీడబ్ల్యూ2ని పట్టుకున్నారు. తమాషా ఏమిటంటే, ఇవి గింజను పెంచేవి కావు, పెరగకుండా ఆపేవి. జీడబ్ల్యూ2 చెడితే ఊకలో కణాలు ఎక్కువై గింజ వెడల్పవుతుంది. జీఎస్3 చెడితే పొడవవుతుంది. బాస్మతి పొడవులో దాని వాటా ఉంది. జీడబ్ల్యూ2 చెడిన రూపాన్ని ఒక రకంలోకి ఎక్కించి చూస్తే గింజ బరువు దాదాపు సగం పెరిగింది. కంకికి గింజలు మాత్రం 30 శాతం దాకా తగ్గాయి. మొక్క దిగుబడి పెరిగింది 20 శాతం లోపే.

మీ రెండు రకాల తేడా ఈ జన్యువు వల్లేనని అనడం లేదు. అన్నట్టు, 1982 నాటి మార్టేరు స్వర్ణలోనూ, 1986 నాటి బాపట్ల సాంబలోనూ మషూరి అనే పాత రకం రక్తమే ఉంది. ముందు కంకికి గట్టి గింజలెన్నో, నిండని తాలు ఎంతో లెక్కపెట్టి చెప్పండి.

మిల్లు అక్కయ్య:
సాంబ వెయ్యి గింజలు 20 గ్రాములు తూగిన రోజున దాన్ని సాంబ అని కొనేవారెవరండీ? మా మిల్లుకు వచ్చే తెలంగాణ సోనా ఇంకా తేలిక, అయినా దానికి గిరాకీ తగ్గదు. జనం తినేది సన్నదనాన్ని.

గట్టు మీద రైతు:
కోత అయిపోయింది, కంకులెక్కడివి అనుకుంటుండగా పిచ్చుకల కోసం చూరుకు కట్టిన కుచ్చులు కనిపించాయి. సాంబ కుచ్చును అవి సగం తినేశాయి. తినని కంకులు పదేసి ఏరాను. సాంబ సగటున 168 గట్టి గింజలు, 31 తాలు. స్వర్ణ 128 గట్టివి, 19 తాలు. చేలో మోళ్లు చూశాను, దుబ్బుకు కంకులు రెండింటికీ తొమ్మిదే.

పాత కత్తెర:
గట్టి గింజల సంఖ్యను గింజ బరువుతో గుణించండి. సాంబ కంకి 2.45 గ్రాములు, స్వర్ణ కంకి 2.52. మీ తొమ్మిది బస్తాలు అక్కడే ఆగాయి.

సాంబకు గింజ లావు చేయకుండా సంఖ్య పెంచే దారి ఉంది. హబటాకి అనే రకానికి కోషిహికారి కంటే గింజలు ఎందుకు ఎక్కువని జపాన్‌లో వెతికితే, 2005లో జీఎన్1ఏ దొరికింది. సైటోకైనిన్ అనే హార్మోనును విరిచే ఎంజైమును తయారుచేసే జన్యువు అది. ఎంజైము తగ్గితే హార్మోను నిలిచి, కంకికి గింజలు పెరుగుతాయి. రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ సాంబలో ఈ జన్యువునే సవరించింది. ఆ వంగడాన్ని డీఆర్ఆర్ ధాన్ 100, కమల అనే పేరుతో 2025 మేలో ప్రకటించారు. దిగుబడి 19 శాతం ఎక్కువ, కోత 20 రోజులు ముందు అన్నారు.

19 శాతం మీ చేలో చూశాక నమ్మండి. నాకు నచ్చింది ఆ 20 రోజులు. మీ వైపు వరి తర్వాత వేసే మాగాణి మినుముకు అవి బంగారం. నా అనుమానమల్లా తాలు గురించే. కంకి అడుగు కొమ్మలు చివర పూస్తాయి, పాలు వాటికి చివరే అందుతాయి. గింజలు పుట్టించినంత తేలిక కాదు వాటిని నింపడం.

గోధుమ పొలాల్లో:
నేను కాన్సస్‌లో గోధుమ మీద పనిచేస్తాను. మాకు మూడు జన్యు సముదాయాలు, కాబట్టి జీడబ్ల్యూ2 కూడా మూడు. ఒకటి ఆపితే గింజ కొద్దిగా పెరుగుతుంది, మూడూ ఆపితే ఇంకాస్త. గోధుమకు వరిలా బిగుతు ఊక లేకపోయినా, పూత నాటి పిందె సైజే చాలావరకు గింజ బరువును తేల్చేస్తుంది.

గట్టు మీద రైతు:
మాస్టారూ, మీరన్నాక కుచ్చు మళ్లీ దించి చూశాను. సాంబ తాలు 31లో 22 అడుగు కొమ్మల్లోనే ఉంది. కమల విత్తనం దొరికితే పది సెంట్లలో వేసి, దాని కుచ్చు మాత్రం ఇంట్లో దాస్తాను. పిచ్చుకలకు స్వర్ణ చాలు.