పాత మార్కెట్ పడగొట్టి కాంప్లెక్స్ కడితే ఆ అప్పు ఎవరు తీర్చాలి?

పూలకొట్టు_పద్మ:
అందరికీ నమస్కారం. బెంగళూరులో ఒక కార్పొరేషన్ మార్కెట్లో మాకు పూలకొట్టు ఉంది, మా అత్తగారి కాలం నాటిది. ఇప్పుడు మార్కెట్టంతా పడగొట్టి, కింద పార్కింగు, పైన ఆరంతస్తుల కాంప్లెక్స్ కడదామంటున్నారు. అప్పు తెచ్చి కట్టి, దుకాణాల అద్దెలతో తీరుస్తారట. మీటింగులో బొమ్మ చూపించారు, బాగానే ఉంది. అద్దెలు రాకపోతే ఎలాగని అడిగాను. "తప్పకుండా వస్తాయమ్మా" అన్నారు. అంతకుమించి జవాబు లేదు. కట్టాలంటారా, వద్దంటారా?

జయనగర్_కుర్రాడు:
కట్టాలక్కా. 2012 ఫిబ్రవరిలో రస్సెల్ మార్కెట్లో మంటలు లేచాయి. పాత వైర్లు, ఇరుకు సందులు, ఫైరింజన్ లోపలికి రాదు. మనవాళ్ళ ప్రాణాలకంటే ఏ లెక్కా ఎక్కువ కాదు. ఇంకో మాట, కోపం తెచ్చుకోవద్దు. చాలా మార్కెట్లలో కార్పొరేషన్‌కు కట్టే అద్దె నామమాత్రం. అదే కొట్టును సబ్‌లీజుకు, అంటే అసలు అద్దెదారు దగ్గర మళ్ళీ అద్దెకు తీసుకున్నవాళ్ళు కట్టేది దానికి ఎన్నో రెట్లు. ఆ తేడా నగరానికి రావాల్సిన డబ్బు కదా?

రిటైర్డ్_బ్యాంకర్:
తమ్ముడు చెప్పిన సబ్‌లీజు మాట నిజం. అయినా లోన్ సెక్షన్లో చాలా ఏళ్ళు పనిచేసినవాడిగా ఒక లెక్క చెప్తాను. వంద కోట్ల అప్పు, తొమ్మిది శాతం వడ్డీ అనుకుందాం. ఏడాదికి వడ్డీయే 9 కోట్లు, అంటే నెలకు 75 లక్షలు. మూడు వందల కొట్లుంటే ఒక్కోటి నెలకు 25 వేలు కట్టాలి, అదీ వడ్డీకే. అసలు, లిఫ్టుల కరెంటు, రిపేర్లు దీనికి అదనం. వంద కొట్లు ఖాళీగా ఉంటే మిగతా రెండు వందల మీద 37,500 చొప్పున పడుతుంది. పూలు అమ్మి అంత ఎవరు కట్టగలరు?

ఖాళీగా ఎందుకుంటాయంటారా? ఫ్రీడమ్ పార్క్ దగ్గర మల్టీలెవెల్ పార్కింగు చూడండి. దాదాపు 80 కోట్లు పెట్టి కట్టారు. నడపడానికి టెండర్లు పిలిస్తే సరైన స్పందన లేక ఏళ్ళు గడిచాయి, తెరిచింది 2024లో. బిల్డింగు రెడీ అయినంత మాత్రాన జనం వచ్చేయరు.

జయనగర్_కుర్రాడు:
అయితే ప్రైవేటుకిద్దాం సార్. మాగ్రత్ రోడ్డు గరుడా మాల్ కార్పొరేషన్ స్థలంలో ప్రైవేటు పెట్టుబడితో కట్టిందే. నష్టమొస్తే వాళ్ళే భరిస్తారు.

రిటైర్డ్_బ్యాంకర్:
నష్టం వాళ్ళదే, కానీ స్థలం మనది. బిల్డర్ లీజు హక్కును బ్యాంకులో పెట్టి అప్పు తెస్తాడు. మధ్యలో చేతులెత్తేస్తే సగం లేచిన పిల్లర్లు, కోర్టు కేసు, మనకు మార్కెట్టే ఉండదు. అందుకే ఒప్పందంలో ఏం రాశారన్నది ముఖ్యం.

మనకు అనుభవం లేనిదేం కాదు. అప్పటి నగర కార్పొరేషన్ బీబీఎంపీ డబ్బుకు కటకటలాడిన రోజుల్లో కె.ఆర్. మార్కెట్, జాన్సన్ మార్కెట్, మల్లేశ్వరం మార్కెట్, మేయో హాల్‌తో కలిపి 11 ఆస్తులను కేంద్ర ప్రభుత్వ అప్పుల సంస్థ హడ్కోకు తాకట్టు పెట్టింది. అవి కొత్త కాంప్లెక్సుల కోసం చేసిన అప్పులు కావు. తర్వాత తీర్చి విడిపించుకున్నారు కూడా. 1997లో దేశంలో మొదటి మున్సిపల్ బాండ్లు, అంటే కార్పొరేషన్ మదుపరుల దగ్గర అప్పు తీసుకునే పత్రాలు తెచ్చింది కూడా ఈ నగరమే, 125 కోట్లకు. అప్పుడు వెనక రాష్ట్ర ప్రభుత్వ హామీ ఉంది. ఇప్పుడు ఎవరున్నారు? 2025 సెప్టెంబరులో నగరం ఐదు కార్పొరేషన్లయింది. మీ అప్పు మోయాల్సింది అందులో ఒక్కటే, దాని ఆదాయమూ అంతమేరే. ఇన్‌స్టాల్‌మెంటు తప్పితే ముందు ఆగేది చెత్త బండి, వీధి దీపం.

పూలకొట్టు_పద్మ:
సార్, ఇలా లెక్క కట్టి ఎవరూ చెప్పలేదు మాకు. తమ్ముడూ, సబ్‌లీజు సంగతి నేను కాదనను. మా వరసలోనే ఉంది, అది ఆగాలి. అద్దె పెంచితే నేనూ కడతాను. నా భయం వేరే. కట్టినన్నాళ్ళూ మమ్మల్ని షెడ్లలో పెడతామంటున్నారు. వరమహాలక్ష్మి వ్రతానికి ముందు రెండు రోజుల అమ్మకం నాకు రెండు నెలలతో సమానం. ఆ రెండు రోజులు జనం షెడ్డు వెతుక్కుంటూ వస్తారా? తర్వాత మూడో అంతస్తులో కొట్టిస్తే మెట్లెక్కి వచ్చి మూర మల్లెపూలు ఎవరు కొంటారు?

జయనగర్_కుర్రాడు:
అది మాత్రం ఒప్పుకుంటానక్కా. మా నాలుగో బ్లాక్ కాంప్లెక్సులో పాతది పడగొట్టాక కొత్తది రావడానికి ఏళ్ళకేళ్ళు పట్టింది. అప్పట్లో అమ్మతో కూరగాయలకు వెళ్తే దుమ్ములోనే బేరం. అయినా అసలు కట్టొద్దంటే ఒప్పుకోను. వైరింగు ఈ ఏడాదే మార్చాలి.

రిటైర్డ్_బ్యాంకర్:
వైరింగుకు వంద కోట్లు అక్కర్లేదు తమ్ముడూ. అది ముందు చేయించమనండి, కాంప్లెక్స్ కోసం ఆపొద్దు.

పద్మగారూ, ఈసారి మీటింగులో ఇవి రాతపూర్వకంగా అడగండి. కనీసం సగం కొట్లకు అడ్వాన్సు కట్టినవాళ్ళు తేలకముందే పడగొడతారా? తాకట్టు పెట్టేది ఆ కొత్త బిల్డింగునా, వేరే ఆస్తులను కూడానా? అద్దెలు ఎస్క్రో ఖాతాలో, అంటే అప్పు తీర్చడానికే విడిగా పెట్టిన ఖాతాలో పడతాయా, లేక కార్పొరేషన్ మామూలు ఖర్చుల జనరల్ ఫండులో కలిసిపోతాయా? ఆలస్యమైతే షెడ్లలో ఉన్నవాళ్ళకు నెలకెంత ఇస్తారు?

పూలకొట్టు_పద్మ:
రాసుకున్నాను సార్. కన్నడలో అర్జీ మా అబ్బాయి రాస్తాడు. మీటింగు శుక్రవారం, పూల బేరం ఎక్కువగా ఉండే రోజు. అయినా మధ్యాహ్నం కొట్టు మూసి మా వరసవాళ్ళందరినీ తీసుకెళ్తున్నాను. ఏం చెప్పారో రాత్రికి ఇక్కడే రాస్తాను.