పిల్లలకు కులం గురించి ఇంట్లో చెప్పాలా, వద్దా?

కూకట్‌పల్లి అమ్మ
మా పాప మూడో తరగతి. 2024 నవంబరులో కుల సర్వేకి వచ్చిన టీచరమ్మ మా గుమ్మంలో నిలబడి అన్నీ రాసుకుని, తలుపుకి స్టిక్కరు అంటించి వెళ్ళారు. అప్పుడు పాప ఏమీ అడగలేదు. ఇప్పుడు జనగణనలోనూ కులం రాస్తారని టీవీలో విని, "మనదేం కులం? అది ఎందుకు రాస్తారు?" అని పట్టుకుంది. మా ఆయన "అందరం మనుషులమే అని చెప్పి వదిలెయ్" అంటారు. అత్తగారు ఆగలేదు, మనం ఫలానా, వాళ్ళతో కాస్త జాగ్రత్తగా ఉండు అని చెప్పేశారు కూడా. మీరైతే ఏం చేస్తారు? ఏ కులం గొప్పదన్న పోట్లాట వద్దు ప్లీజ్, పిల్లల సంగతి మాత్రమే మాట్లాడండి.

గోదారి గట్టు
చెప్పకండి. నేను కాలేజీకి వచ్చేదాకా మా కులం పేరు నాకు సరిగ్గా తెలీదు. ఏం నష్టపోయాను? తమిళనాడులో కొన్నిచోట్ల పిల్లలు కులానికో రంగు దారం చేతికి కట్టుకుని బడికి వెళ్తున్నారు. 2023 ఆగస్టులో నాంగునేరిలో ఒక దళిత కుర్రాణ్ణి తోటి విద్యార్థులే ఇంట్లోకి జొరబడి నరికారు, అడ్డం వచ్చిన చెల్లెల్ని కూడా. ఆ తర్వాత ప్రభుత్వం వేసిన జస్టిస్ చంద్రు కమిటీ ఆ దారాలు నిషేధించమని చెప్పింది. ఆ పిల్లలకి కులం ఎవరో ఒకరు చెప్పబట్టే కదా ఇదంతా.

ఓరుగల్లు సారు
గోదారి గట్టు గారూ, కాలేజీ దాకా తెలియకుండా గడిచిందంటే మీకు అలా గడిచే వీలు ఉందన్నమాట. అందరికీ ఉండదు.

నేను సర్కారు బడి టీచర్ని. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే పిల్లలు ప్లేట్లు పట్టుకుని వరండాలో బారుగా కూర్చుంటారు. ఐదో తరగతి పిల్ల ఒకామె ఇంటి నుంచి తన ప్లేటు తెచ్చుకునేది, బడి ప్లేటు ముట్టేది కాదు. ఎందుకు బిడ్డా అంటే "నాయినమ్మ వద్దన్నది సార్" అంది. ఆ ఇంట్లో ఎవరూ కూర్చోబెట్టి కులం పాఠం చెప్పి ఉండరు. సంచిలో ప్లేటు పెట్టి పంపారు, అంతే. పక్కన కూర్చున్న పిల్లకి మాత్రం మొత్తం అర్థమైంది, మర్నాటి నుంచి బారులో చివరికి జరిగి కూర్చుంది. అదే ఇద్దరు పొద్దున ప్రార్థనలో చెయ్యి చాచి "భారతీయులందరూ నా సహోదరులు" అంటారు. ఆ ప్రతిజ్ఞ రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు నల్గొండ జిల్లా మనిషే, 1962లో విశాఖలో ట్రెజరీ ఆఫీసరుగా ఉన్నప్పుడు రాశారు. రోజూ అప్పజెప్పినంత మాత్రాన అది వరండా దాకా రాదు.

నేను ఉపన్యాసం ఇవ్వలేదు. వడ్డన పిల్లలకే అప్పజెప్పాను. వారానికి ఐదుగురు, హాజరు పట్టీలో వరుస ప్రకారం. ఎవరి చేతి అన్నం ఎవరు తినాలో హాజరు పట్టీయే చూసుకుంటుంది. నాయినమ్మ వచ్చి నాలుగు మాటలు అని పోయింది, అది వేరే సంగతి. పిల్ల మాత్రం ఇప్పుడు బడి ప్లేటులోనే తింటోంది.

రాత్రి డ్యూటీ
మీకు ఇది చర్చ. మా ఇంట్లో ఈ ప్రశ్నే రాదు. మా వాడు ఒకటో తరగతిలో ఉండగా క్లాసు పిల్లాడి పుట్టినరోజుకి వెళ్ళాడు. అందరికీ స్టీలు గ్లాసులో జ్యూస్, వీడికి మాత్రం కాగితం గ్లాసు. ఇంటికొచ్చి "నాకెందుకు అట్లా ఇచ్చారు" అని అడిగితే అందరం మనుషులమే అని చెప్పమంటారా?

చెప్పాం. బడిలో ప్యూను పోస్తే తప్ప అంబేద్కర్ నీళ్ళు తాగలేకపోయిన సంగతి చెప్పాం. తప్పు నీదగ్గర లేదురా, ఇచ్చినవాళ్ళ దగ్గర ఉంది అన్నాం. ఆరేళ్ళ వాడికి అంతకన్నా ఏం చెప్తాం? మీరు మీ పిల్లలకి చెప్పకపోతే, వాళ్ళ ఇంట్లో మా వాడికి మళ్ళీ అదే గ్లాసు వస్తుంది.

సూటిగా
నాది నెట్ సెంటర్. ఎంసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో (పేరు మారినా మాకు అది ఎంసెట్టే) ఊపిరాడదు. కేటగిరీ గడి దగ్గర ఆగి, "డాడీ, మనం ఏంటి?" అని ఫోన్ చేసే పిల్లల్ని చూస్తుంటాను. ఇంట్లో దాచి పెంచిన పిల్లలు వీళ్ళే. ఆ రోజు వాళ్ళకి తెలిసే కులం ఏంటంటే, తనకన్నా వెనక ర్యాంకు వచ్చిన ఫ్రెండుకి తను కోరుకున్న కాలేజీలో సీటు. అంతే. ఊళ్ళో రెండు గ్లాసుల టీ కొట్టు తెలీదు, ఆ ఫ్రెండు తాతని బావి దగ్గరికి రానివ్వని సంగతి తెలీదు. కులంతో మొదటి పరిచయమే కడుపుమంటతో మొదలవుతుంది. తర్వాత నలభై ఏళ్ళు అదే మాట్లాడతారు. నన్నడిగితే దాచడం వల్ల జరిగే అసలు నష్టం ఇదీ.

గోదారి గట్టు
మంచి పాయింటే. కానీ రిజర్వేషన్లు ఎందుకొచ్చాయో చెప్పడం వేరు, "మనం ఫలానా" అని చెప్పడం వేరు. మొదటిది సోషల్ పుస్తకంలో ఉంది, అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణంతో సహా. రెండోది లేకుండా బతకొచ్చు. 2023లో తెలంగాణ హైకోర్టు జనన ధ్రువీకరణ దరఖాస్తులో "కులం లేదు, మతం లేదు" అనే గడి పెట్టమని చెప్పింది కదా.

ఓరుగల్లు సారు
సోషల్ పుస్తకంలో అది రెండు మార్కుల ప్రశ్న సార్. పరీక్ష అయ్యాక ఎవరికి గుర్తుంటుంది?

న్యూజెర్సీ బాబాయ్
దేశం దాటితే పోతుందనుకునేవాళ్ళ కోసం చెప్తున్నా. ఇక్కడ తెలుగువాళ్ళ వనభోజనాలు కూడా కులాలవారీగా జరుగుతాయి. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. కాలిఫోర్నియాలో అలాంటి బిల్లే చట్టసభలో నెగ్గినా అక్టోబరులో గవర్నరు వీటో చేశారు. అప్పుడు మా వాట్సాప్ గ్రూపుల్లో రచ్చ రచ్చ. అది చూసి మావాడు అడిగాడు: "స్కూల్లో బానిసత్వం గురించి అంతా చెప్తారు, అది వింటే ఎవరూ చెడిపోవట్లేదు, మీరెందుకు ఇది దాస్తారు?" పన్నెండేళ్ళవాడికి నేను జవాబు వెతుక్కోవాల్సి వచ్చింది.

కూకట్‌పల్లి అమ్మ
సరే, చెప్పాలనే అనుకుంటున్నా. చరిత్రతో సహా. కానీ అత్తగారు? ఆవిడ మాట కాదంటే ఇంట్లో టెన్షన్. పాపకి ఆవిడంటే ప్రాణం.

రాత్రి డ్యూటీ
గొడవ పడకండి. పాప ముందే నెమ్మదిగా అడగండి, "అత్తయ్యా, జాగ్రత్త అన్నారు కదా, వాళ్ళు ఏం చేస్తారు?" అని. జవాబు ఆవిడే వెతుక్కుంటారు, పాప వింటుంది. ఇంకోటి. మీ ఇంట్లో పనమ్మాయికి టీ ఏ గ్లాసులో ఇస్తున్నారు?

గోదారి గట్టు
ఇదిగో, ఇక్కడికి తేకండి. గ్లాసు వేరుగా పెట్టడం శుభ్రత కోసం. ప్రతిదాన్నీ కులానికి ముడిపెట్టొద్దు.

సూటిగా
శుభ్రత కోసమా? మీరు తాగే గ్లాసు తోమేది ఆమే కదండీ.