కియావా ఓషన్ కోర్సుకు నాన్నగారిని తీసుకెళ్ళవచ్చునా?

ప్రశ్న: షార్లెట్ నుంచి

అందరికీ నమస్కారం. మేము నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో ఉంటున్నాము. వచ్చే ఏప్రిల్‌లో మా అమ్మానాన్నలు విశాఖపట్నం నుంచి వస్తున్నారు. నాన్నగారికి 68 ఏళ్ళు. ఉద్యోగంలో ఉన్న రోజుల నుంచీ గోల్ఫ్ ఆడుతున్నారు, ఇప్పుడు హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని చెప్పే అంకె, ఎంత తక్కువైతే అంత మంచి ఆట) 20 దగ్గర ఉంది. 2021 మే నెలలో ఫిల్ మికెల్సన్ 50 ఏళ్ళ వయసులో సౌత్ కరోలినాలోని కియావా దీవిలో, ఓషన్ కోర్సు మీద పీజీఏ ఛాంపియన్‌షిప్ గెలిచినప్పుడు, మన దేశంలో తెల్లవారుజామున నాలుగున్నర దాకా ఆయన టీవీ ముందు నుంచి లేవలేదట. ఆ కోర్సు ఎవరైనా డబ్బు కట్టి ఆడగలిగేదేనని తెలిసిన నాటి నుంచి, అడగకుండానే అడుగుతున్నారు.

నా సందేహమల్లా ఒకటే. ఫోటోల్లో చూస్తే ఒక పక్క అట్లాంటిక్ సముద్రం, మరో పక్క కనుచూపు మేర పర్ర భూములు (పోటు నీరు ఎక్కే ఉప్పు చిత్తడి నేలలు), వాటి మధ్య సన్నని ఫెయిర్‌వేలు, అంటే బంతి పడాల్సిన పచ్చిక దారులు, కనిపిస్తున్నాయి. ఒక బంతి నీళ్ళలో పోతే ఆ సాయంత్రం భోజనం దగ్గర కూడా దాని గురించే మాట్లాడే మనిషి మా నాన్నగారు. ఆయన స్థాయి ఆటగాడికి అక్కడ ఆనందం దక్కుతుందా, లేక అంత దూరం తీసుకెళ్ళి అవమానపరిచినట్లు అవుతుందా? అమ్మ గోల్ఫ్ ఆడదు. ఆవిడకు ఆ దీవిలో చూడదగినది ఏమైనా ఉందా?

జవాబు: తీరవాసి

చార్లెస్టన్‌లో పదేళ్ళుగా ఉంటున్నాను, ఓషన్ కోర్సులో నాలుగు సార్లు ఆడాను. నా హ్యాండిక్యాప్ మీ నాన్నగారి కన్నా కొంచెం ఎక్కువే కాబట్టి నా మాట నమ్మవచ్చు. తప్పకుండా తీసుకెళ్ళండి, కానీ ఏ టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) నుంచి ఆడాలన్నది ముందు రోజే ఇంట్లో తేల్చుకుని వెళ్ళండి. మికెల్సన్ గెలిచిన పోటీకి ఆ కోర్సు పొడవు 7,876 గజాలు. అదే కోర్సులో గుంతకు దగ్గరగా ఉండే ముందు టీల నుంచి ఆడితే అది వేరే ఊరు.

అందరూ సముద్రం గురించి చెబుతారు గానీ, స్కోరు కార్డును పాడు చేసేది సముద్రం కాదు, పర్ర. ఐదు నుంచి తొమ్మిది వరకు, పద్నాలుగు నుంచి పద్దెనిమిది వరకు ఉన్న పది హోల్స్ (టీ నుంచి గుంత దాకా ఉండే ఒక్కో భాగం) తీరం వెంబడి సాగుతాయి, వాటిలో సముద్రం ఇసుక దిబ్బలకు అవతల తన మానాన తాను ఉంటుంది. పర్ర అలా కాదు. రెండవ, నాలుగవ హోల్స్‌లో టీ దగ్గర నిలబడితే కాళ్ళ ముందు నుంచే గడ్డి మొదలవుతుంది, దాన్ని దాటించి కొట్టాలి. మొదటిసారి వెళ్ళినప్పుడు రెండవ హోల్‌లో నేను కొట్టిన బంతి గడ్డి అంచున బురద మీద పడింది. అప్పుడు ఆటు సమయం. పది అడుగుల దూరంలో బంతి తెల్లగా మెరుస్తోంది, దాని పక్కనే ఒక చేయి పెద్దదిగా ఉన్న చిన్న పీత ఆ చేతిని పైకీ కిందకీ ఊపుతోంది. క్లబ్బు చాచి అందుకుందామని నేను ఒక అడుగు వేయబోతే మా కేడీ (సంచి మోస్తూ సలహా చెప్పే సహాయకుడు) చొక్కా పట్టుకుని ఆపాడు. చూడడానికి గట్టిగా ఉన్న ఆ బురదలో మోకాలి దాకా దిగబడతామని, కింద కత్తుల్లాంటి ఆల్చిప్పలు ఉంటాయని తరువాత చెప్పాడు. బంతిని పీతకు వదిలేసి ముందుకు సాగాము.

అక్కడ నిబంధన కూడా మనకు అనుకూలమే. ఎర్ర గుర్తులు ఉన్న చోట బంతి గీత దాటిన బిందువు నుంచి, జెండాకు దగ్గర కాకుండా, రెండు క్లబ్బుల పొడవు లోపల మరో బంతి వదిలి, ఒక్క దెబ్బ శిక్షతో ఆడవచ్చు. నాన్నగారికి ఈ మాట బయలుదేరే ముందే గుర్తు చేసి, సంచిలో పాత బంతులు ఒక డజను వేయండి. కొత్త బంతి పోయినంత బాధ పాత బంతికి ఉండదు.

ఇక గాలి సంగతి. ఈ కోర్సును పీట్ డై రూపొందించారు. ఆయన మొదట ఫెయిర్‌వేలను దిబ్బల వెనుక పల్లంగా వేయాలనుకుంటే, ఆయన భార్య, తానూ కోర్సుల రూపశిల్పి అయిన ఆలిస్ డై, ఆడేవాళ్ళకు సముద్రం కనబడేలా నేలను ఎత్తు చేయమన్నారు. అందువల్ల దృశ్యం దక్కింది, దానితో పాటు గాలికి అడ్డు లేకుండా పోయింది. నిర్మాణం జరుగుతుండగానే 1989 సెప్టెంబరులో హ్యూగో తుపాను ఈ తీరాన్ని తాకింది, అయినా 1991లో అమెరికా, యూరప్ జట్ల మధ్య జరిగే రైడర్ కప్ నాటికి కోర్సు సిద్ధమైంది. గాలి తూర్పు నుంచి వీస్తే, స్థూలంగా చెప్పాలంటే, మొదటి నాలుగు హోల్స్ ఎదురుగాలిలో ఆడతారు, తరువాత తొమ్మిదింటికి గాలి వీపును తోస్తుంది, చివరి ఐదింటిలో మళ్ళీ ముఖానికి కొడుతుంది. పడమటి గాలి అయితే లెక్క తిరగబడుతుంది. కాబట్టి ఉదయం జెండా ఎటు ఎగురుతోందో చూసి, ఎక్కడ ఓపిక పట్టాలో నాన్నగారు ముందే నిర్ణయించుకోవచ్చు.

పదిహేడవ హోల్ గురించి బెంగ అక్కరలేదు. అక్కడి చెరువు 1991 రైడర్ కప్‌లో అమెరికా ఆటగాడు మార్క్ కాల్కవెకియా బంతిని మింగింది, ఆయన ప్రత్యర్థి కాలిన్ మాంట్‌గమరీ బంతినీ మింగింది. నాలుగు హోల్స్ మిగిలి ఉండగా నాలుగు ఆధిక్యంలో ఉన్న కాల్కవెకియా ఆ నాలుగూ ఓడి మ్యాచ్‌ను సమం చేసుకున్నాడు. ఆ మనుషులకే అలా జరిగినప్పుడు మనం రెండు బంతులు వేసినా తప్పులేదు.

జవాబు: అట్లాంటా నుంచి

నేను తీరవాసి గారితో పూర్తిగా ఏకీభవించలేను. నిరుడు జూలైలో ముగ్గురు మిత్రులతో కలిసి వెళ్ళాను. మేము పౌరుషానికి పోయి వెనుక టీల నుంచి ఆడాము, నాకు పదకొండు బంతులు పోయాయి, పన్నెండవ హోల్ తరువాత స్కోరు రాయడం మానేశాము. అది మా తెలివితక్కువతనమే, కోర్సు తప్పు కాదు. కానీ ముందు టీల నుంచి ఆడినా ఎండ, ఉక్క, కంటికి కనిపించని కుట్టే పురుగులు తప్పేవి కావు. పైగా అక్కడి రుసుము అమెరికాలోని ప్రజా కోర్సులలో బాగా ఖరీదైన వాటిలో చేరుతుంది. అంత సొమ్ము పెట్టాక ప్రతి బంతి వెనుకా ఆ అంకె కనిపిస్తూ ఉంటుంది, అది ఆటను చెడగొడుతుంది. చార్లెస్టన్ చుట్టుపక్కల పర్రల అంచున ఉన్న చవకైన కోర్సులు కొన్ని ఉన్నాయి. నాన్నగారిని ముందు రోజు అలాంటి దానిలో ఒకసారి ఆడించి, గడ్డి మీదుగా దాటించి కొట్టడం అలవాటు చేయించిన తరువాతనే ఓషన్ కోర్సు మెట్టు ఎక్కించడం మంచిది. నెల విషయంలో మాత్రం మీరు అదృష్టవంతులు, ఏప్రిల్ మంచి కాలం.

జవాబు: కోరంగి మనవరాలు

అమ్మగారి గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి ఈ నాలుగు మాటలు. నేను గోల్ఫ్ ఆడను. మావారు ఆడుతున్నంత సేపూ దీవిలో తిరిగిన అనుభవం ఉంది. అమ్మమ్మగారిది కోరంగి దగ్గర ఊరు కావడం వల్ల, కారు దిగగానే ఆటు వేళ బురద వాసన నాకు చిన్నతనాన్ని తెచ్చి ముందు పెట్టింది. ఆ వాసనను అక్కడివాళ్ళూ ప్రేమగానే చెప్పుకుంటారు. మన దగ్గర ఉప్పుటేరు ఒడ్డున మడ చెట్లు ఉంటాయి, అక్కడ చలికాలపు చల్లదనం వల్ల మడ బదులు కార్డ్‌గ్రాస్ అనే నడుమెత్తు గడ్డి పెరుగుతుంది. రోజుకు రెండు సార్లు సముద్రం దాదాపు ఐదడుగులు ఎక్కి దిగుతుంది. పోటు వచ్చేటప్పుడు ఆ గడ్డి కాడలను దగ్గరగా చూడమని అమ్మగారికి చెప్పండి. బఠాణీ గింజంత నత్తలు నీటితో పాటే కాడ మీదికి పాకుతూ వస్తాయి. నీరు తీశాక మళ్ళీ కిందికి దిగుతాయి. నేను ఒక కాడ మీద ఏడింటిని లెక్కపెట్టాను.

దీవిలో అధిక భాగం గేటు లోపల ఉంటుంది, అయితే పడమటి కొసన ఉన్న బీచ్‌వాకర్ పార్కు అందరికీ తెరిచి ఉంటుంది. అక్కడి నుంచి ఇసుక మీద సుమారు మైలు నడిస్తే కెప్టెన్ శామ్స్ ఇన్‌లెట్ అనే పాయ వస్తుంది. నీరు బాగా తగ్గిన వేళల్లో డాల్ఫిన్లు గుంపుగా వచ్చి చేపలను బురద గట్టు మీదికి తరిమి, తామూ సగం ఒళ్ళు గట్టెక్కి తిని, మళ్ళీ జారిపోవడం అక్కడ చూడవచ్చు. మాకు గంటన్నర కాచుకున్నాక రెండు సార్లు కనిపించింది. ఇంకొక మాట: అక్కడ వుడ్ స్టార్క్ అనే బట్టతల కొంగ తిరుగుతుంది. అది గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెట్ల మీద గూళ్ళు కట్టే మన ఎర్రకాళ్ళ కొంగకు దగ్గరి చుట్టమే. మంచినీటి గుంటల ఒడ్డున మొసలి జాతికి చెందిన ఆలిగేటర్లు ఎండ కాచుకుంటూ ఉంటాయి. వాటికి తిండి వేయడం సౌత్ కరోలినాలో నేరం, దగ్గరికి వెళ్ళి ఫోటో తీయాలన్న సరదా నాన్నగారికి ఉంటే ముందే కట్టడి చేయండి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఇదంతా నాన్నగారికి ఫోన్‌లో చదివి వినిపించాను. పర్ర సంగతి విని ఏమీ అనలేదు గానీ, పాత బంతుల మాట విన్న వెంటనే అలమారు తెరిచి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. అట్లాంటా మిత్రులు చెప్పినట్లు ముందు రోజు చవకైన కోర్సులో ఆడిస్తాను. చివరిగా ఒక్క సందేహం: ఆట సమయాన్ని ఆటుపోట్లను బట్టి ఎంచుకోవాలా? ఆయన నడవలేకపోతే బండి దొరుకుతుందా?

జవాబు: తీరవాసి

ఆట పరంగా పెద్ద తేడా లేదండీ, పోటు వేళ బంతి నీళ్ళలో పడుతుంది, ఆటు వేళ బురదలో పడుతుంది, శిక్ష ఒకటే. కానీ నా అనుభవంలో పోటు వేళే మేలు, ఎందుకంటే పోయిన బంతి కంటికి కనబడదు. మీ నాన్నగారి స్వభావం చూస్తే అది ముఖ్యం. చార్లెస్టన్ పోటు వేళల పట్టిక చూసి, నిండు పోటుకు అరగంట ముందు మొదటి టీ సమయం తీసుకుంటే, రెండు, నాలుగు హోల్స్ నిండు నీటి మీద దాటుతారు. అమ్మగారి డాల్ఫిన్లకు మాత్రం దీనికి తిరగబడిన వేళ కావాలి, అదీ కుదురుతుంది: ఆట ముగిసి అందరూ పడమటి కొసకు చేరేసరికి సుమారు ఆరు గంటలు గడిచి నీరు సరిగ్గా తీసి ఉంటుంది. బండి సంగతి రోజును బట్టి, వేళను బట్టి మారుతుంది, బుక్ చేసేటప్పుడే వయసు చెప్పి అడగండి. నడిచినా నడవకపోయినా కేడీని మాత్రం తప్పకుండా తీసుకోండి, చొక్కా పట్టుకుని ఆపడానికి ఒకరు ఉండాలి.