చర్చ: టెస్టులో తప్పినవారు మళ్ళీ టెస్టు దాకా కారును రోడ్డు మీద నడపవచ్చా?

కొత్త స్టీరింగు:
మా వదిన లైసెన్సు కోసం కారు టెస్టుకు వెళ్ళి, హెచ్ ట్రాకులో (ఇంగ్లీషు హెచ్ అక్షరం ఆకారంలో గీతలు గీసిన దారిలో) రివర్సు వచ్చేటప్పుడు గీత దాటడంతో తప్పారు. ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేవారికి ఇచ్చే తాత్కాలిక లైసెన్సు) గడువు ఇంకా ఉంది. తాను పక్కన కూర్చుని తెల్లవారుజామున కాలనీ బయట పెద్ద రోడ్డు మీద సాధన చేయిస్తానని మా అన్నయ్య అంటున్నాడు. పరీక్షలో తప్పిన మనిషిని రోడ్డెక్కించడం ఎదుటివారి ప్రాణాలతో చెలగాటమని, హెచ్ ట్రాకు, ఎనిమిది అంకె పూర్తిగా పట్టుబడేదాకా మైదానం దాటకూడదని నాన్నగారు పట్టుబట్టారు. ఇంట్లో ఈ వాదన తెగడం లేదు. ఎవరి మాట సబబుగా ఉందో తెలిసినవారు చెప్పగలరు.

పాదచారి:
మీ నాన్నగారి మాటే సరైనది. ఎదురుగా ఎవరూ లేని చోట, నడక వేగంతో, గీతల మధ్య బండిని నిలుపుకోలేకపోయినవారు తప్పుదారిలో ఎదురొచ్చే ఆటోను, హఠాత్తుగా రోడ్డు దాటే వృద్ధులను ఎలా తప్పించగలరు? నేర్చుకునే హక్కు మీ వదినగారికి ఉన్నట్లే, క్షేమంగా ఇల్లు చేరే హక్కు నడిచి వెళ్ళేవారికీ ఉంది. అంచనా తప్పితే దెబ్బ తగిలేది మాకు.

నిబంధనల బీరువా:
ముందుగా చట్టం ఏమంటుందో చూద్దాం. టెస్టులో తప్పినంత మాత్రాన ఎల్ఎల్ఆర్ రద్దు కాదు. జారీ అయిన నాటి నుంచి 6 నెలల పాటు అది చెల్లుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం 9వ సెక్షను ప్రకారం తప్పినవారు 7 రోజుల తరువాత మళ్ళీ టెస్టుకు రావచ్చు. మూడుసార్లు తప్పితే మాత్రం చివరి టెస్టు నుంచి 60 రోజులు ఆగాలి. అలాంటివారు డ్రైవింగ్ స్కూలులో మళ్ళీ శిక్షణ పొందాలన్న షరతును 2019 సవరణ చేర్చింది. అంటే టెస్టులో తప్పినవారు నేర్చుకోవడం మానాలని చట్టం ఎక్కడా కోరలేదు, ఇంకా నేర్చుకోమనే చెబుతోంది.

అయితే ఎలా నేర్చుకోవాలో 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలోని 3వ నిబంధన చెబుతుంది. బండికి ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్రని ఎల్ అక్షరం ఉండాలి. చెల్లుబాటయ్యే లైసెన్సు ఉన్న వ్యక్తి, బండిని అదుపు చేయడానికో ఆపడానికో వీలయ్యే స్థానంలో కూర్చోవాలి. వెనక సీట్లో కూర్చుని సలహాలు ఇవ్వడం దీని కిందికి రాదు. సాధారణ కారు బీమా పాలసీలోని డ్రైవరు క్లాజు కూడా ఎల్ఎల్ఆర్ ఉన్నవారు నడపవచ్చంటూనే 3వ నిబంధన పాటించి ఉండాలన్న షరతు పెడుతుంది. పక్కన ఎవరూ లేకుండా ఒక్కరే నడిపి ఎవరినైనా గుద్దితే, కేసుతో పాటు పరిహారం చిక్కు కూడా ఇంటి మీద పడుతుంది.

ఇంకొక విషయం. 15వ నిబంధన ప్రకారం టెస్టులో చూడవలసిన వాటిలో రివర్సు ఒక్కటే లేదు. అద్దం చూసుకోవడం, ఇతర వాహనాలను దాటడం, దాటనివ్వడం, రద్దీని బట్టి గేరు తగ్గించడం, ఎత్తు మీద బండి వెనక్కి జారకుండా కదిలించడం కూడా ఉన్నాయి. ఎదురొచ్చే వాహనమే లేని మైదానంలో వీటిలో సగం ఎవరికి వస్తాయి?

పాదచారి:
చట్టం అనుమతించిన ప్రతిదీ వివేకం కాదు కదా. పక్కన కూర్చున్నవారు బండిని ఆపగలగాలని మీరే రాశారు. వారి అన్నయ్యగారి కాళ్ళ దగ్గర బ్రేకు ఉండదు. చేతికి అందేది హ్యాండ్ బ్రేకు ఒక్కటే. దానికి బదులు చిన్న బటన్ మాత్రమే ఉన్న కొత్త కార్లలో ఆ కాస్త భరోసా కూడా తగ్గుతుంది. కంగారులో బ్రేకుకు బదులు యాక్సిలరేటరు తొక్కినప్పుడు "ఆపు, ఆపు" అని అరవడం తప్ప ఆయన చేయగలిగింది ఏముంటుంది?

రెడింగ్ తెలుగు:
ఇంగ్లండులో ఇదే దశ దాటినవాడిగా రాస్తున్నాను. ఇక్కడ స్థిరపడిన మనవాళ్ళు భారతీయ లైసెన్సుతో 12 నెలలు నడపవచ్చు. ఆ తరువాత ఎన్నేళ్ళ అనుభవం ఉన్నా ప్రొవిజనల్ లైసెన్సు (మన ఎల్ఎల్ఆర్ లాంటిది) తీసుకుని, ఎల్ బోర్డుతో టెస్టుకు సిద్ధం కావలసిందే. తప్పితే 10 పనిదినాలు ఆగాలి. ఆ మధ్యలో రోడ్డు మీద సాధన చేయడాన్ని ఇక్కడ ఎవరూ ప్రశ్నించరు. పక్కన కూర్చునేవారికి 21 ఏళ్ళు నిండి, కనీసం 3 ఏళ్ళుగా లైసెన్సు ఉంటే చాలు. మోటార్‌వే (వేగంగా వెళ్ళే పెద్ద హైవే) మీదకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. 2018 జూన్ నుంచి నేర్చుకునేవారిని అక్కడికి అనుమతించారు గానీ, గుర్తింపు పొందిన శిక్షకుడు, రెండు వైపులా పెడళ్ళున్న కారు తప్పనిసరి. ప్రమాదం పెరిగిన చోట షరతు బిగించారే తప్ప నేర్చుకునేవారిని మైదానానికి పంపలేదు.

మరొక తేడా నాకు ముఖ్యమనిపిస్తుంది. ఇక్కడి టెస్టు మామూలు రోడ్ల మీదే జరుగుతుంది. 15 వరకు చిన్న పొరపాట్లను క్షమిస్తారు, ఒక్క తీవ్రమైన తప్పు చేస్తే చాలు, తప్పినట్లే. ఏ కూడలిలో ఏ అద్దం చూడలేదో పరీక్షకుడు విడమరిచి చెబుతాడు కాబట్టి మరునాటి సాధన ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

క్లచ్ మాస్టారు:
నేను డ్రైవింగ్ స్కూలులో నేర్పుతాను కనుక నా మాటలో వ్యాపారం ఉందని కొందరు అనుకోవచ్చు, అనుకోనివ్వండి. హెచ్ ట్రాకులో తప్పడానికి సాధారణ కారణం వేరు. "వెనక కిటికీ మూల ఆ స్తంభానికి ఎదురుగా రాగానే స్టీరింగు పూర్తిగా తిప్పు" అని గుర్తులు బట్టీ పట్టించి టెస్టుకు పంపుతారు. టెస్టు రోజున కారు మారినా, సీటు నాలుగు వేళ్ళు ముందుకు జరిగినా ఆ గుర్తులన్నీ మారిపోతాయి. వారికి రానిది అద్దాలు చూస్తూ హాఫ్ క్లచ్‌లో (క్లచ్ పెడలును సగం మాత్రమే వదిలి) బండిని అంగుళం అంగుళం కదపడం. అది మైదానంలోనే రావాలి. అంతవరకు వారి నాన్నగారితో ఏకీభవిస్తాను. కానీ ట్రాకు ఒక్కటే పదే పదే తిప్పి లైసెన్సు తెచ్చుకున్నవారు ఆ మరునాడే, పక్కన ఎవరూ లేకుండా, మొదటిసారి రద్దీలోకి వెళతారు. పాదచారి గారు భయపడవలసింది ఎల్ బోర్డును చూసి కాదు, ఆ బోర్డు నిన్ననే తీసేసిన ఇలాంటి బండిని చూసి.

బ్రేకు విషయంలో మాత్రం వారి అభ్యంతరం న్యాయమైనది. డ్రైవింగ్ స్కూలు కార్లకు శిక్షకుడి వైపు కూడా పెడళ్ళు ఉండాలని నిబంధన ఉన్నది అందుకే. అందుచేత వదినగారు రోడ్డును మళ్ళీ అలాంటి కారులోనే మొదలుపెట్టాలి. శిక్షకుడు తన పెడలు తొక్కవలసిన అవసరం రావడం లేదని తేలాక, అన్నయ్యగారితో సొంత కారులో, పిల్లలనెవరినీ ఎక్కించుకోకుండా వెళ్ళవచ్చు. కేంద్రం గుర్తించిన శిక్షణ కేంద్రాల కోసం 2021లో తెచ్చిన నిబంధనలలోనూ కారు కోర్సు 29 గంటలైతే అందులో 21 గంటలు బండి నడపడానికే కేటాయించారు. పల్లె రోడ్డు, నగరపు రోడ్డు, హైవే, ఎత్తు పల్లాలు అన్నీ అందులో ఉన్నాయి.

పాదచారి:
రెండు పెడళ్ళ కారు వరకు నాకు అభ్యంతరం లేదు. సొంత కారు దగ్గర ఇంకా ఒప్పుకోను. ఏ బండి ఎప్పుడు ఆగుతుందో శిక్షకుడికి తెలిసినంతగా ఇంటివారికి తెలియదు. పైగా భార్యకు నేర్పేటప్పుడు భర్తలు ఎంత ఓర్పుగా ఉంటారో అందరికీ తెలిసిందే.

నిబంధనల బీరువా:
ఓర్పు గురించి నిబంధన ఏదీ లేదు కాబట్టి నేను మాట్లాడను. కొత్త స్టీరింగు గారు ఒక లెక్క మాత్రం గమనించాలి. ఎల్ఎల్ఆర్ వచ్చిన 30 రోజులకే టెస్టుకు వెళ్ళవచ్చు గానీ, చాలామంది ఐదో నెల దాకా ఆగుతారు. అప్పుడు తప్పి, మళ్ళీ స్లాట్ దొరికేలోగా 6 నెలలు నిండితే, ఎల్ఎల్ఆర్ కొత్తగా తీసుకోవలసి వస్తుంది. గడువు ముగిశాక ఎల్ బోర్డు ఉన్నా, పక్కన శిక్షకుడు ఉన్నా అది లైసెన్సు లేకుండా నడపడమే అవుతుంది. 2019 సవరణ తరువాత దానికి జరిమానా 5,000 రూపాయలు.

కొత్త స్టీరింగు:
తేదీ చూశాము, ఇంకా రెండు నెలలకు పైగా గడువుంది. రెండు పెడళ్ళ కారు అనగానే నాన్నగారు మెత్తబడ్డారు. ఉదయం మైదానంలో రివర్సు, సాయంత్రం స్కూలు కారులో రోడ్డు అని వదిన తానే నిర్ణయించుకున్నారు. అన్నయ్యను పక్కన కూర్చోబెట్టుకోవాలా వద్దా అన్నది మాస్టారు చెప్పాక చూస్తానన్నారు. అన్నయ్యకు ఆ మాట అంతగా నచ్చలేదు.