టీఎన్‌ఎఫ్ ఇంజెక్షన్‌కి ముందు టీబీ పరీక్ష ఎందుకు? వాడినవాళ్ళు చెప్పండి

గుంటూరు శ్రీను:
అందరికీ నమస్కారం. మా తమ్ముడికి ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్, అంటే వెన్నెముక కీళ్ళు వాచి బిగుసుకుపోయే జబ్బు. దానితో ముడిపడిన హెచ్‌ఎల్‌ఏ-బీ27 జన్యువు కూడా పాజిటివ్. పొద్దున లేస్తే నడుం కొయ్యబారిపోయి ఉంటుంది, మంచం దిగడానికే గోడ పట్టుకోవాలి. నాలుగడుగులు తిరిగాక సడలుతుంది. నొప్పి మాత్రలు మార్చి మార్చి ఇచ్చినా లొంగలేదు. రుమటాలజిస్టు (కీళ్ళవాతం డాక్టరు) గారు టీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్‌ని అడ్డుకునే ఇంజెక్షన్, అడాలిముమాబ్ 40 మి.గ్రా., రెండు వారాలకోసారి అన్నారు. ముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీ గోల్డ్ అనే రక్తపరీక్ష, హెపటైటిస్ బీ చూడాలన్నారు. టీబీ గోల్డ్ పాజిటివ్ వచ్చింది. దగ్గు లేదు, జ్వరం లేదు, ఎక్స్‌రే బాగుంది. అమ్మ మాత్రం రిపోర్టు చూసినప్పట్నించీ అన్నం ముట్టడం లేదు. నడుంనొప్పి మందుకీ టీబీకీ ఏంటండీ సంబంధం?

వరంగల్ సుజాత:
శ్రీను గారూ, ముందు అమ్మగారిచేత అన్నం తినిపించండి. టీబీ గోల్డ్ పాజిటివ్ అంటే జబ్బు ఉందని కాదు, క్రిమి ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందని. ఎక్స్‌రే బాగుండి, లక్షణాలు లేకపోతే దాన్ని లేటెంట్ టీబీ అంటారు. ఇంకొకరికి అంటదు కూడా. నాకు రుమటాయిడ్ కీళ్ళవాతం, నాకూ ఇలాగే వచ్చింది. ఐసోనియాజిడ్ అనే టీబీ మందు, దానితో పాటు బీ6 విటమిన్ మాత్ర ఇచ్చారు. నెల దాటాక ఇంజెక్షన్ మొదలుపెట్టారు, మాత్రలు కోర్సు అయ్యేదాకా వేసుకున్నా. మధ్యలో లివర్ పరీక్షలు చేస్తారు, అవి వదలొద్దు. వేళ్ళ వాపు తగ్గి ఇప్పుడు చపాతీ పిండి నేనే కలుపుకుంటున్నా. అది నాకు చిన్న విషయం కాదు.

మైక్రో మేడం:
మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ చెబుతాను, సంబంధం నేను చెబుతా.

టీఎన్‌ఎఫ్ మన ఒంట్లో తయారయ్యే ప్రొటీనే. క్రిమి తగలగానే మాక్రోఫేజ్ అనే రక్షక కణాలు దీన్ని వదులుతాయి. రక్తనాళాల గోడలు సడలి తెల్లకణాలు అక్కడికి చేరతాయి, వాపు వస్తుంది. 1975లో న్యూయార్క్‌లో లాయిడ్ ఓల్డ్ బృందం ఎలుకల్లో కణితులను చంపుతోందని దీనికి ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ అని పేరు పెట్టింది. పదేళ్ళకి, దీర్ఘరోగాల్లో మనిషిని చిక్కిపోయేలా చేసే కాకెక్టిన్ కూడా ఇదేనని తేలింది. మీ తమ్ముడి కీళ్ళలో, సుజాత గారి వేళ్ళలో ఇదే అవసరానికి మించి, ఆగకుండా తయారవుతూ ఉంటుంది. లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైనీ 1992లో దీన్ని అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను రుమటాయిడ్ రోగులకిచ్చి చూస్తే వాపులు తగ్గాయి. ఈ మందులన్నిటికీ దారి వేసింది ఆ ప్రయోగమే.

ఇక టీబీ సంగతి. ఊపిరితిత్తుల్లో చేరిన క్రిమిని మన కణాలు అన్నిసార్లూ చంపలేవు. చుట్టూ గుమిగూడి గ్రాన్యులోమా అనే గడ్డలో బంధిస్తాయి. ఆ బందోబస్తు చెదరకుండా ఉండాలంటే టీఎన్‌ఎఫ్ కావాలి. దాన్ని ఆపేస్తే లోపలి క్రిమి బయటికొస్తుంది. 2001లో, ఇన్‌ఫ్లిక్సిమాబ్ తర్వాత టీబీ వచ్చిన 70 మంది వివరాలు అమెరికా వైద్యపత్రికలో అచ్చయ్యాయి. సగానికి పైగా కేసుల్లో అది ఊపిరితిత్తులు దాటి వేరేచోట వచ్చింది, ఎక్కువమందికి మొదటి కొద్ది నెలల్లోనే. అందుకని ఇంజెక్షన్ వాడేవాళ్ళు దగ్గు కోసం ఎదురుచూడొద్దు. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, మెడలో గడ్డ: ఏది కనిపించినా వెంటనే డాక్టరుకి చెప్పండి. మనదేశంలో లేటెంట్ టీబీ చాలామందిలో ఉంటుంది, కాబట్టి ఈ పరీక్ష లేకుండా ఇంజెక్షన్ వేయించుకోవద్దని గట్టిగా చెబుతాను.

సిక్కోలు రవి:
మేడం, మరి టీఎన్‌ఎఫ్ అంటే వాపు పుట్టించేదేనా? మా ఆవిడకి ఇంజెక్షన్ పడ్డాక కీళ్ళు బాగయ్యాయి గానీ అరచేతుల్లో సోరియాసిస్ లేచింది. సోరియాసిస్‌కీ ఇదే మందు ఇస్తారు కదా అని చర్మం డాక్టరుని అడిగితే, అరుదే గానీ జరుగుతుందన్నారు.

మైక్రో మేడం:
అవును రవి గారూ, జరుగుతుంది. టీఎన్‌ఎఫ్‌కి రెండు రిసెప్టర్లు, అంటే కణాల మీద అది అతుక్కుని పనిచేసే చోట్లు. మొదటిది దాదాపు అన్ని కణాల మీదా ఉంటుంది, వాపు పని ఎక్కువగా దానిదే. రెండోది ముఖ్యంగా రోగనిరోధక కణాల మీద ఉంటుంది. అతిని అదుపుచేసే రెగ్యులేటరీ టీ-కణాలకి బలం ఇచ్చేది అదే. ఇప్పటి ఇంజెక్షన్లు టీఎన్‌ఎఫ్‌నే పట్టేస్తాయి కాబట్టి రెండు పనులూ తగ్గుతాయి. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బులో లెనర్‌సెప్ట్ అనే టీఎన్‌ఎఫ్ నిరోధకం ఇస్తే జబ్బు పెరిగిందని 1999లో తేలింది. నరాల జబ్బు ఉన్నా, గతంలో ఉన్నా డాక్టరు దగ్గర దాచకండి.

డాలస్ లక్ష్మి:
నాకు క్రోన్స్ అనే పేగుల వాపు జబ్బు, ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఎక్కిస్తారు. ఇండియాలో పుట్టానని వినగానే ఇక్కడ కూడా ముందు టీబీ పరీక్షే రాశారు. గర్భిణులు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. మన దగ్గర పిల్ల పుట్టగానే టీబీ రాకుండా బీసీజీ వేసేస్తారు, అది బతికున్న క్రిమి టీకా. తల్లి గర్భంతో ఉండగా ఈ మందు తీసుకుంటే అది బిడ్డ రక్తంలోకీ వెళ్తుంది, నెలల తరబడి ఉంటుంది, అందుకే అప్పుడు ఆ టీకా ప్రమాదం. మా చెల్లి హైదరాబాద్‌లో పురుడు పోసుకున్నప్పుడు పిల్లల డాక్టరుకి ముందే చెప్పి బీసీజీ ఆపించాం. అడగకపోతే వేసేసేవారు.

గుంటూరు శ్రీను:
అందరికీ చాలా థాంక్స్. అమ్మకి మొత్తం చదివి వినిపించా, ఇవాళ తింది. ఇంకో సందేహం. ఇంజెక్షన్ హైదరాబాద్‌లో కొని బస్సులో తేవాలి. ఐస్‌లో పెట్టాలా? నొప్పి తగ్గాక మానేయొచ్చా?

వరంగల్ సుజాత:
ఐస్‌కి నేరుగా తగలనివ్వొద్దు, గడ్డకడితే పారేయాల్సిందే. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. జెల్ ప్యాక్‌కి గుడ్డ చుట్టి, పెట్టెలో మందుకి పక్కగా పెట్టండి. ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో మధ్య అరలో పెట్టండి, ఫ్రీజర్ కింద వద్దు. వేసుకునే ముందు కాసేపు బయట ఉంచితే మంట తక్కువగా ఉంటుంది. కొనేముందు బయోసిమిలర్, అంటే అసలు మందుని పోలి వేరే కంపెనీ చేసేది, రాయమని డాక్టరుని అడగండి, ఖర్చు బాగా తగ్గుతుంది. అడాలిముమాబ్‌కి మొదటి బయోసిమిలర్ 2014లో మన జైడస్ కంపెనీ వాళ్ళదే. ఇక మానేయడం మాత్రం మీ అంతట మీరు చేయొద్దు. నేను చెప్పకుండా ఆపితే వేళ్ళు మళ్ళీ వాచాయి. బాగుంటే మోతాదుల మధ్య ఎడం పెంచడం గురించి డాక్టరే ఆలోచిస్తారు.