మాస్టారు అడిగితే అన్నయ్య "చెమ్మ లేదు" అనేశాడు, ఇప్పుడెలా సరిదిద్దుకోవాలి?

ఉషోదయ జంక్షన్:
అందరికీ నమస్కారం. విశాఖ ఎంవీపీ కాలనీలో మా నాన్నగారి ఫ్లాట్ అమ్ముతున్నాం, మూడో అంతస్తు, డబుల్ బెడ్‌రూమ్, 2001లో కట్టింది. నాన్నగారు పోయాక అమ్మ ఒక్కతే ఉంటోంది, మెట్లెక్కలేక మా దగ్గరికి వచ్చేస్తానంది. సంగతేంటంటే, సముద్రం వైపు బాల్కనీ స్లాబు అడుగున పెచ్చులూడి రెండు చువ్వలు బయటపడ్డాయి, గోటితో గీకితే తుప్పు పొరలు పొరలుగా రాలుతోంది. దాన్ని ఆనుకున్న బెడ్‌రూమ్ గోడకి హుద్‌హుద్ తుఫాను అప్పటినుంచీ, అంటే 2014 అక్టోబరు నుంచీ, వానాకాలం వస్తే చెమ్మే. ఏజెంటు చూసి "రెండు పూతలు పుట్టీ, పైన పెయింటు కొట్టించేయండి, ఎవరికీ తెలీదు" అన్నాడు. బెడ్‌రూమ్ అయిపోయింది, బాల్కనీ మిగిలింది.

ఇంతలో విజయనగరం నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు చూడ్డానికి వచ్చారు. కూతురికి ఇక్కడ ఉద్యోగం, ఊళ్లో పొలం అమ్మిన డబ్బుతో కొంటున్నారు. బెడ్‌రూమ్‌లో గోడ మీద అరచెయ్యి ఆనించి "చెమ్మ ఏమైనా ఉందా బాబూ" అని అడిగారు. అన్నయ్య వెంటనే "అబ్బే, అలాంటిదేం లేదండీ" అనేశాడు. అమ్మ కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే ఉంది, అంతా విన్నది. ఆ రోజు నుంచి అన్నయ్యతో మాట్లాడటం లేదు. మాస్టారు 50 వేలు టోకెన్ వేశారు, వచ్చే శుక్రవారం అగ్రిమెంటు. చెబితే బేరం పోతుందని అన్నయ్య, చెప్పకపోతే నేను సంతకం పెట్టనని అమ్మ. నాకూ చెప్పాలనే ఉంది, కానీ అన్నయ్యని అబద్ధాలకోరుగా నిలబెట్టకుండా ఎలా?

గాజువాక కుర్రోడు:
సిస్టర్, దీనికింత టెన్షన్ ఎందుకు? ఇరవై ఏళ్లు దాటిన బిల్డింగు, బీచ్‌కి నడిచెళ్లే దూరం, చెమ్మ ఉండదని ఎవరనుకుంటారు? కొనేవాళ్లు ఒక మేస్త్రీని వెంటబెట్టుకుని రావాలి. మీరు చెప్పారని ఎవరూ దండ వెయ్యరు, రేటు మాత్రం కోస్తారు.

సైటు ఇంజనీరు:
సముద్రం దగ్గర ఇది మామూలే, అంతవరకు పై తమ్ముడితో ఒప్పుకుంటా. కానీ బాల్కనీకి పుట్టీ మాత్రం పెట్టించకండి. ఉప్పుగాలిలో ఉండే క్లోరైడు మెల్లగా కాంక్రీటులోకి దిగి చువ్వని పట్టుకుంటుంది, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి ఎక్కువ చోటు తీసుకుంటుంది, ఆ ఒత్తిడికే పెచ్చులు ఊడేది. పైన ఎంత పూసినా లోపల జరిగేది ఆగదు. రేపు పెద్ద పెచ్చు ఊడితే అది పడేది మాస్టారి కూతురి మీదో కింద పార్కింగ్‌లో ఆడుకునే పిల్లల మీదో.

ముందు చిన్న సుత్తితో తట్టి చూడండి, డొల్లగా మోగినంత మేరా పోయినట్టే. అదంతా కొట్టేసి, చువ్వ వెనక వరకు ఖాళీ చేసి, వైర్ బ్రష్‌తో తెల్లగా వచ్చేదాకా రుద్ది, తుప్పు పట్టకుండా కోటింగ్ వేసి, పాలిమర్ మోర్టార్‌తో (పాలిమర్ కలిపిన సిమెంటు మాలుతో) మూయాలి. చువ్వ మరీ సన్నబడిపోతే పక్కన కొత్తది కట్టాలి. పై ఫ్లాట్‌కీ ఇదే ఉండొచ్చు, అసోసియేషన్‌లో అడగండి. ఇద్దరి దగ్గర ఎస్టిమేట్ రాయించుకుని ఆ కాగితంతోనే మాస్టారి దగ్గరికి వెళ్లండి. నోటిమాటగా "కొంచెం రిపేరుంది" అంటే ఆయన ఎంతో ఊహించుకుని భయపడతారు.

ప్లీడరు గుమస్తా:
"కొనేవాడే చూసుకోవాలి" అనేది సగం నిజం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ చదవండి. మామూలు జాగ్రత్తతో కొనేవాడు కనిపెట్టలేని పెద్ద లోపం అమ్మేవాడికి తెలిసి ఉంటే చెప్పి తీరాలి, దాచడం మోసం కిందికే వస్తుంది. ఆస్తి గురించి కొనేవాడు అడిగిన ప్రశ్నకి తెలిసినంత మేర జవాబివ్వడం కూడా అందులోనే ఉంది. బయటికి కనబడే చువ్వ ఆయన చూసుకోవాల్సింది, సరే. దానిమీద మీరు పుట్టీ పెట్టాక ఏ జాగ్రత్తతో చూస్తాడు? ఇక ఆయన నోరు తెరిచి అడిగారు కూడా.

మధురవాడ సెకండ్ హ్యాండ్:
నేను అవతలి వైపు నుంచి చెప్తా. మేం 2019లో రీసేల్ ఫ్లాట్ కొన్నాం. బోరు గురించి అడిగితే "ఫుల్లు వాటర్" అన్నారు. చేరింది జనవరిలో, ఏప్రిల్ కల్లా ట్యాంకర్లు. డబ్బు పోయిందని కాదు, మెట్ల మీద కనబడిన ప్రతివాళ్లూ "మీకు చెప్పలేదా" అనడం ఉంది చూశారూ, అది కాలింది. అదే మా పిన్ని సీతమ్మధారలో కొన్నప్పుడు పాత ఓనరుగారు తాళాలతో పాటు ఒక నోట్ బుక్ ఇచ్చారు, ఏ వాల్వు ఎక్కడుందో, ఏ బాత్రూమ్ పైపు ఎప్పుడు మార్చారో, ఏ కిటికీ గాలివానకి తెరుచుకుంటుందో అన్నీ రాసి. పిన్ని ఇప్పటికీ సంక్రాంతికి ఆయనకి అరిసెలు పంపుతుంది.

మీ అన్నయ్య గురించి: "వాడికి తెలీదు" అని ఇంకో అబద్ధం అతికించకండి. "ఆ రోజు మేం సరిగ్గా చెప్పలేదు మాస్టారూ, మళ్లీ వచ్చి చూడండి" అంటే చాలు. పెద్దాయన, అర్థం చేసుకుంటారు.

ఉషోదయ జంక్షన్:
అప్‌డేట్. నేను ఫోన్ చేసేలోపే అమ్మే చేసేసింది. "గోడకి చెమ్మ ఉంది, బాల్కనీ చువ్వలు తుప్పు పట్టాయి, టోకెన్ వెనక్కి కావాలంటే ఇచ్చేస్తాం" అని ఒక్క గుక్కలో. మాస్టారు ఆదివారం అల్లుడినీ, ఒక మేస్త్రీనీ వెంటబెట్టుకుని వచ్చారు. ఎస్టిమేట్లు రెండూ ఆయన చేతిలో పెట్టాను. అన్నయ్య తల దించుకుని ఉంటే ఆయనే అన్నారు, "ఇల్లంతా పాత సున్నం, ఒక్క గదిలో కొత్త పెయింటు వాసన, ఎవరికైనా అనుమానం రాదా బాబూ? ఏమంటారో చూద్దామనే అడిగాను" అని. గాజువాక తమ్ముడూ, విన్నారా.

రిజిస్ట్రేషన్‌లోపు బాల్కనీ మేమే చేయించాలి, ఇంజనీరుగారు చెప్పిన పద్ధతిలోనే, మాస్టారి మేస్త్రీతో. బెడ్‌రూమ్ పుట్టీ గీకించేసి ఈ వానాకాలం అలాగే వదిలేస్తాం, నీరు ఎక్కణ్నుంచి దిగుతోందో తెలియాలి కదా. దానికని లక్షన్నర తగ్గించాం. అన్నయ్యకి ఇంకా మండుతూనే ఉంది, కాకపోతే సాయంత్రం అమ్మ పెట్టిన ఉప్మా తిన్నాడు. ఏజెంటు మాత్రం రెండు రోజులుగా ఫోన్ ఎత్తడం లేదు. వాడని పుట్టీ బస్తాలు రెండు హాల్లోనే ఉన్నాయి, ఎంవీపీ చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే మెసేజ్ పెట్టండి.