విజయనగరం నుంచి మధురవాడకి రోజూ.. బస్సా, కారా?

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. వచ్చే నెల నుంచి నాకు మధురవాడలో ఉద్యోగం. ఒకవైపే సుమారు 45 కిలోమీటర్లు. పాప చదువు, అత్తగారి మోకాళ్ల నొప్పుల వల్ల ఇల్లు మారడం కుదరదు.

రైలు సంగతి ముందే చెప్పేస్తాను, చాలామంది అదే అడుగుతున్నారు. మన లైను కొత్తవలస, పెందుర్తి, సింహాచలం మీదుగా విశాఖ వెళ్తుంది. మధురవాడ ఆ దారిలోనే లేదు. విశాఖలో దిగి మళ్లీ వెనక్కి రావాలి.

బస్సయితే ఆనందపురం మీదుగా నేరుగా దిగొచ్చు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో ఎక్స్‌ప్రెస్ దాకా ఆడవాళ్లకు ఉచితం కూడా. నెలనెలా ఆ డబ్బు మిగలడం మాకు చిన్న విషయం కాదు. కానీ మొన్న ఒకసారి వెళ్లి చూశాను. పొద్దున్న సీటు దొరికింది. సాయంత్రం మాత్రం ఒక చేత్తో రాడ్డు, ఇంకో చేత్తో టిఫిను బ్యాగు పట్టుకుని విజయనగరం దాకా నిలబడే వచ్చాను. ఆనందపురంలో బంతిపూల మూటతో ఎక్కిన పెద్దావిడకి కూడా చోటు లేదు, పాపం. ఇంటికొచ్చాక పాపకి హోంవర్కు చేయించే ఓపిక కూడా లేకపోయింది.

ఇంట్లో పాత ఆల్టో ఉంది. లీటరుకు 18 ఇస్తుంది, అంటే రోజుకు ఐదు లీటర్ల పెట్రోలు. పైగా చలికాలం పొగమంచులో, హైవే మీద లారీల మధ్య నేనొక్కదాన్నే నడపాలంటే మా ఆయనకి బెంగ, నాకూ భయమే.

ఈ దారిలో రోజూ తిరిగే అక్కలు, అన్నలు చెప్పండి. సాయంత్రం ఎన్నింటికి బయల్దేరితే సీటు దొరుకుతుంది? పెట్రోలు పంచుకుని కలిసి వెళ్లే ఆడవాళ్లెవరైనా ఉన్నారా?